పహిల్వాన్ ఛాతీ, పెళ్లికొడుకు షేర్వానీ

ఆ రోజుల్లో నేను రాసిన ప్రోగ్రాం మధ్యలో ఆగిపోతే నాకు ఏడుపొచ్చేది. ఇప్పుడు ఆవులింత వస్తోంది. ఇన్నేళ్లు ఈ పని చేసి నేను సాధించిన ఎదుగుదల ఇదేనంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. పొద్దున్నే కంప్యూటర్ తెరవడం, ఎవరో కుర్రాడు రాసిన కోడ్ చదవడం, "ఈ పేరు ఇక్కడెందుకు పుట్టింది, అక్కడిదాకా ఎందుకు బతికుంది నాయనా" అని అడగడం, వాడు "నడుస్తోంది కదా మేడం" అనడం, నేను కళ్లు మూసుకుని ఊపిరి వదలడం, రోజూ ఇదే తంతు. "నడుస్తోంది కదా" అన్న మాట చెవిన పడితే చాలు, నాకు మెడ పట్టేస్తుంది. ఎందుకంటే ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నాను. అదీ మహా ధీమాగా, పాతబస్తీలోని పత్తర్‌గట్టి నడిబజారులో అన్నాను. ఆ ముచ్చట చెబుతాను, వినండి. (వినే ఓపిక మీకుందో లేదో గాని, చెప్పే ఓపిక నాకు ఈ పూటకు ఉన్నట్టే ఉంది.)

చదువు కాగానే నాకు దొరికిన ఉద్యోగం ఒక గాజుల దుకాణం పైన, రెండో అంతస్తులో. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. నేను, మా యజమాని, రెండు కంప్యూటర్లు, తిరిగితే కిచకిచలాడే ఒక ఫ్యాను, గిరాకీ ఎవరైనా వస్తే కూర్చోబెట్టడానికి ఒక మంచి కుర్చీ. (ఆ కుర్చీ ఎప్పుడూ కొత్తగానే ఉండేది, పాపం.) యజమానిని నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు, బజారంతా కలిసి ఆయన్ని డెమో అన్న అనేది. అత్తరు దుకాణమైనా చెప్పుల దుకాణమైనా ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని దూరిపోయి, "ఒక్క డెమో చూడుండ్రి భాయ్, నచ్చకపోతే చాయ్ తాగి పోత" అనేవాడు. చాలాచోట్ల చాయ్ తాగే వచ్చేవాడు. ఒకరోజు నేను శాలిబండ నుంచి షేర్ ఆటోలో ఇరుక్కుని, దుపట్టా సగం బయట, సగం పక్కావిడ ఒళ్లో పెట్టుకుని ఆఫీసుకు చేరేసరికి అన్న మెట్ల మీదే ఎదురొచ్చాడు. "చెల్లె, తగిలింది! షేర్వానీల మాస్టర్ సాబ్ ఒప్పుకున్నడు, హౌ అన్నడు!" అన్నాడు. ఆయన మొహం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

మాస్టర్ సాబ్ అంటే మా ఎదురు వరుసలో పెళ్లి షేర్వానీలు కుట్టించే పెద్దాయన. ఆయన పని పద్ధతి చెబుతాను, లేకపోతే తరువాతి గోల అర్థం కాదు. టేపు పట్టేది ఆయనొక్కడే. మనిషి చుట్టూ ఒకసారి తిరిగి, కొలతలు పైకి చెప్పేవాడు. గల్లాపెట్టె దగ్గర లెక్కలు రాసే ముసలి మున్షీజీ వాటిని రాసుకునేవాడు. రోజు చివర ఒక్కొక్క గిరాకీ కొలతలూ చిన్న పర్చీ, అంటే చీటీ, మీదికి ఎక్కి శాలిబండలోని కార్ఖానాకు వెళ్లేవి. అక్కడ బట్ట కోసేది ఖలీఫా, అంటే కత్తెర పట్టే పెద్ద దర్జీ. ఆయనకు మనుషులతో పనిలేదు; ఏ పెళ్లికొడుకు మొహమూ ఆయన చూడడు, పర్చీలో ఉన్న అంకె చూసి కోస్తాడంతే. ఆ పర్చీలే ఇకమీద కంప్యూటర్ నుంచి రావాలని మాకు ఒప్పందం. మున్షీజీ కొలతలు కొట్టాలి, నా ప్రోగ్రాం ఒక్కో గిరాకీనే వరసగా తీసుకుని, కొలతకు కొంచెం వదులు కలిపి, బట్ట ఎంత కావాలో లెక్కకట్టి పర్చీ అచ్చు వెయ్యాలి.

ఇక్కడ మొదలయ్యాయి నా తిప్పలు. మున్షీజీ కొట్టేది అక్షరాల రూపంలో ఉంటుంది, దాన్ని అంకెగా మారిస్తేగాని వదులు కలపలేం. అంకెగా మారనిది ఏదైనా వస్తే ప్రోగ్రాం దభాలున కూలిపోతుంది. అలా కూలకుండా ఆ మార్చే పనిని "ప్రయత్నించు, పట్టుకో" అనే రెండు బ్రాకెట్ల జతల్లో పెట్టాలి. మొదటి దానిలో ప్రయత్నం, బెడిసికొడితే రెండో దానిలో జాగ్రత్త. సరే, నేను మొదటి బ్రాకెట్లలోనే ఛాతీ అని పేరు పెట్టి అంకె దాచాను. కింద పర్చీ అచ్చువేసే దగ్గర ఛాతీ అని పిలిస్తే, "ఆ పేరుగల వారెవరూ ఇక్కడ లేరు" అంది కంప్యూటర్. బ్రాకెట్లలో పుట్టిన పేరు బ్రాకెట్లలోనే పోతుంది మరి. మా శాలిబండ గల్లీలో బుజ్జీ అంటే నేనని తెలియని ఇల్లు లేదు, గల్లీ దాటి బస్టాపు దగ్గర బుజ్జీ అని అరిస్తే ఎవరూ తలైనా తిప్పరు. అదీ సంగతి.

పేరును తెచ్చి బ్రాకెట్లకు పైన పెట్టాను. "దీనికి విలువ ఇచ్చావో లేదో నాకు నమ్మకం లేదు" అంది. సున్నా ఇచ్చాను. నోరు మూసుకుంది. అమ్మయ్య అనుకుని అన్నను పిలిచి చూపించాను. ఆయన డెమో చేసే మనిషి కదా, ఛాతీ గడిలో అంకెకు బదులు తన పేరు కొట్టాడు. పర్చీ టంచనుగా వచ్చింది, ఛాతీ సున్నా అని. "చెల్లె, ఛాతి సున్నా ఉన్నోడు యాడ దొరుకుతడు మనకు? దయ్యాలకు కుడుతున్నమా షేర్వానీలు?" అన్నాడు. ఉడుక్కున్నాను. సున్నా తీసేసి "ఏమీ లేదు" అనే విలువ పెట్టాను. ఈసారి ఆయన పేరు కొట్టగానే ప్రోగ్రాం ఆగిపోయి, తెరనిండా ఎర్రక్షరాలు పరిచింది. అన్న రెండు చేతులూ కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. "ఏమన్న జెయ్, ఎర్రది మాత్రం కనపడొద్దు. ఎర్రది జూస్తే గిరాకీ భయపడతడు. నా నోటికాడి ముద్ద పోతది" అన్నాడు. ఆ గొంతులో నవ్వులాట లేదు. ఇంటి అద్దె నుంచి నా జీతం దాకా మాస్టర్ సాబ్ హౌ అన్న మాట మీదే నిలబడి ఉన్నాయని నాకూ తెలుసు.

అప్పుడు నాకు బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. (ఇలా తట్టినప్పుడల్లా ఎవరైనా వచ్చి నెత్తిన ఒక మొట్టికాయ వేస్తే ఎంత బాగుండేదో.) పేరును ఇంకా పైకి, గిరాకీలను వరసగా తీసుకునే చోటుకు కూడా పైకి ఎత్తేశాను, కాలర్ లాంటి మిగతా కొలతల పేర్లనూ అలాగే. ఒక్కసారి పుడుతుంది, ఆఖరి గిరాకీ దాకా బతికే ఉంటుంది. పట్టుకునే బ్రాకెట్లలో మాత్రం ఏమీ రాయలేదు, ఖాళీ. కొలతలు కొట్టి చూశాను. ముప్పై ఆరున్నరను చుక్కపెట్టి కొట్టాను, వచ్చింది. మధ్యలో ఒకదాన్ని ఖాళీగా వదిలేశాను, దానికీ చక్కటి అంకే వచ్చింది! సున్నా లేదు, ఎర్రది లేదు. ఆ చక్కటి అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందని నేను అడగలేదు. అన్న చూసి, "మస్తుంది చెల్లె! లొల్లి లేదు, ఏం లేదు" అని కిందికి పరుగెత్తి సమోసాల్లాంటి లుఖ్మీలు, నాకోసమని ఖీమా లేని ఆలూవి, పట్టుకొచ్చాడు. మర్నాడు దుకాణంలో పెట్టేటప్పుడు మాస్టర్ సాబ్ కళ్లద్దాలు సర్దుకుని, "బేటీ, భరోసా ఉన్నదా దీనిమీద?" అని అడిగాడు. "నడుస్తోంది కదా సాబ్, మీరే చూడుండ్రి" అన్నాను నేను. అదీ ఆ ధీమా.

కొన్నాళ్లు అంతా బాగానే సాగింది. అప్పుడప్పుడూ ఎవరి కాలరో కొంచెం వదులనో, బిగువనో మాట వచ్చేది. ట్రయల్‌కు వచ్చినప్పుడు సరిచేసేవారు, కార్ఖానా వాళ్లను నాలుగు తిట్టేవారు, అయిపోయేది. ఇంతలో మాస్టర్ సాబ్ ఇంట్లోనే పెళ్లి వచ్చింది, ఆయన ఒక్కగానొక్క కూతురిది. పెళ్లికొడుకు బట్టల జోడా పెళ్లికూతురి వాళ్లు పెట్టడం ఆనవాయితీ. బజారంతటికీ షేర్వానీలు కుట్టించిన మనిషి తన అల్లుడికి ఎలాంటిది పెడతాడోనని పత్తర్‌గట్టి మొత్తం చూస్తోంది. ఆయన పురానాపూల్లో ఉన్న వియ్యాలవారింటికి స్వయంగా వెళ్లి, టేపు తీసి కొలతలు పట్టుకుని వచ్చాడు. అల్లుణ్ణి ట్రయల్‌కు రమ్మని కబురు పంపుదామని మున్షీజీ అంటే కస్సుమన్నాడు. "దామాద్‌ను దుకాణంకు పిలిచి నిలబెడతనా? నా చేతి టేపు నాప్‌కు ట్రయల్ ఏంది? వద్దు, నక్కో" అన్నాడు. ఆ కొలతలూ కంప్యూటర్‌లోకి ఎక్కాయి, పర్చీ వచ్చింది, కార్ఖానాకు వెళ్లింది.

జోడా పంపే రోజు పొద్దున మున్షీజీ మా మెట్లెక్కి వచ్చాడు. ఆ మెట్లు ఎక్కలేనని రోజూ కింద నుంచే కేకేసే మనిషి. "బేటీ, జర కిందికి రా" అన్నాడంతే. నేనూ అన్నా వెళ్లేసరికి దుకాణంలో మాస్టర్ సాబ్ ఆ షేర్వానీని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. మీగడరంగు బట్ట, కాలర్ చుట్టూ, ముందు పట్టీ మీద సన్నటి జరీ పని. చూడటానికి ఎంత అందంగా ఉందంటే, తప్పేంటో నాకు ముందు కనిపించలేదు. తరువాత కనిపించింది. పొడవు సరిపోయింది, చేతులు సరిపోయాయి, ఛాతీ దగ్గర మాత్రం ఇద్దరు అల్లుళ్లు పట్టేలా ఉంది. కాలరైతే మెడకు పెడితే బావి గట్టులా చుట్టూ ఖాళీ. అల్లుడు సన్నగా ఉంటాడని బజారంతటికీ తెలుసు. మూలన ఖలీఫా చేతులు కట్టుకుని, మొహం గోడవైపు తిప్పుకుని నిలబడ్డాడు. అప్పటికే మాటామాటా అయిందని అర్థమైంది.

"నీ కండ్లు యాడున్నయ్ ఖలీఫా? నా ఇంటి పెళ్లి గద ఇది!" అంటున్నాడు మాస్టర్ సాబ్. "మనిషిని నాకు చూపించినవా సాబ్? పర్చీల ఛియాలీస్ ఉంటే ఛియాలీస్ కోసిన. గింతగానం నౌకరీ చేసినంక చోర్ లెక్క నిలబెడితివి. నీ కైంచీ నీ తాన్నే పెట్టుకో" అని ఖలీఫా కత్తెర బల్ల మీద పెట్టేశాడు. ఒకరి పరువు, ఇంకొకరి పని, రెండూ నా కళ్లముందే తెగిపోయేట్టున్నాయి. పర్చీ చూశాను. నలభై ఆరు అని నా ప్రోగ్రామే ఎంతో అందంగా అచ్చువేసింది. కంప్యూటర్‌లో ఆ రోజు కొట్టినవి తెరిచాను. అల్లుడి పొడవు, చేతులు మామూలు అంకెలు. ఛాతీ దగ్గర మాత్రం "సాడే 36" అని, కాలర్ దగ్గర "పౌనే 15" అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. "మున్షీజీ, ఇదేంది?" అన్నాను, నాకే వినపడనంత గొంతుతో.

"సాబ్ చెప్పిందే కొట్టిన బేటీ" అన్నాడాయన అమాయకంగా. "సాడే ఛత్తీస్ అన్నరు, సాడే ఛత్తీస్ కొట్టిన." పాతబస్తీలో పుట్టి పెరిగినదాన్ని నేను. అరను సాడే అని, పావు తక్కువను పౌనే అని, పావు ఎక్కువను సవా అని పాలవాడి దగ్గర్నుంచి ఆటోవాడి దాకా అంటూనే ఉంటారు, మా అమ్మ కూడా అంటుంది. ప్రోగ్రాం రాసేటప్పుడు మాత్రం నా బుర్ర కాలేజీలో కూర్చుని ఉంది, చుక్కపెట్టి ఐదు కొడతారనుకుంది. "సాడే" చూడగానే అది అంకె కాదు పొమ్మంది ప్రోగ్రాం. పట్టుకునే బ్రాకెట్లలో నేనేమీ రాయలేదు గనక మాట్లాడకుండా ముందుకు పోయింది. పేరు పైన ఎక్కడో పుట్టి అప్పటికీ బతికే ఉంది గనక, అంతకుముందు గిరాకీ కొలతే అందులో కూర్చుని ఉంది. ఆ ముందు గిరాకీ ఎవరయ్యా అంటే, కుస్తీలు నేర్పే పహిల్వాన్. పహిల్వాన్ ఛాతీ, పహిల్వాన్ మెడ పెళ్లికొడుకుకు అతుక్కున్నాయి. ఖాళీ గడికి ఆనాడు చక్కటి అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది నాకు. అక్కడే, అందరిముందూ, "ఖలీఫాది ఏం లేదు సాబ్, నా ప్రోగ్రామే పక్కోని కొలత తెచ్చి పెట్టింది" అన్నాను. ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

మాస్టర్ సాబ్ నావైపు చూశాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది. "తెల్వకపోతే నన్ను అడగాలె గద బేటీ నీ మిషిన్. నేను ఈడనే ఉంటి" అన్నాడు. అడగొద్దని దానికి నేర్పిందే మేము. డెమో అన్న మాత్రం గిరాకీ చెయ్యిజారిపోతోందని తెలిసీ, "తప్పు మా దిక్కుంది సాబ్, ఎర్రది కనపడొద్దని లొల్లి జేసింది నేనే" అన్నాడు. (అందుకే ఇప్పటికీ ఆయన ఫోన్ చేస్తే, ఏ మీటింగులో ఉన్నా ఎత్తుతాను.) అప్పుడు మాస్టర్ సాబ్ బల్ల మీది కత్తెర తీసి, ఖలీఫా చేతిలో తనే పెట్టి, "గుస్సా తర్వాత జేద్దువు భాయ్. ముందుగాల నా ఇజ్జత్ జూడు" అన్నాడు. ఖలీఫా ముక్కు ఎగబీల్చి, బట్ట ఒళ్లో వేసుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.

పెద్దది చిన్నదవుతుంది, అదొక్కటే మా అదృష్టం. పక్కకుట్లు లోపలికి లాగి ఛాతీ సరిచేశారు. చిక్కంతా కాలర్‌తోనే వచ్చింది. జరీ పని కాలర్ మీద పూర్తయిపోయింది, కత్తెర పెడితే పువ్వు మధ్యలో తెగుతుంది. కొత్తది చేసే వ్యవధి లేదు. లోపల దళసరి అస్తరు వేసి, కొక్కెం జరిపి, ఖలీఫా తనకు తెలిసిందంతా చేశాడు. అయినా కాలర్ కొంచెం వదులే. మధ్యాహ్నం దాటాక సామాన్లు సర్దుతుంటే మాస్టర్ సాబ్ నన్ను పిలిచి, "నువ్వు గూడ మా ఆడోళ్లతోని రా బేటీ. పిన్నులు గిట్ల పట్టుకొని రా" అన్నాడు. అది శిక్షో, ఆప్యాయతో నాకు ఇప్పటికీ తేలలేదు. మా అమ్మ పెట్టెలోని పిన్నుల డబ్బా మొత్తం పట్టుకుని పురానాపూల్ వెళ్లాను.

వియ్యాలవారింట్లో ఆడవాళ్లం పరదాకు ఇవతల, మగవాళ్లు అవతల. పరదా సందులో నుంచి చూస్తే సరిగ్గా పెళ్లికొడుకు మెడ మాత్రమే కనబడుతోంది. లోపలి గదిలోకి తీసుకెళ్లి షేర్వానీ తొడిగి బయటికి తెచ్చారు. "మాషా అల్లా" అన్నారు అందరూ. నేను మాత్రం ఆ కాలర్‌నే చూస్తున్నాను. పిన్నుల డబ్బాను రెండు చేతులతో పట్టుకున్నాను. ఇంతలో పెళ్లికొడుకు మేనత్త, గట్టి గొంతావిడ, పరదా పక్కకు తీసి కాలర్‌కేసి చూసి, "ఏంది, గల్లా జర ఢీలా లేదూ? షేర్వానీలోళ్ల ఇంటినుంచి వచ్చింది గద!" అంది. మాస్టర్ సాబ్ చెవులు ఎర్రబడటం అంత దూరం నుంచీ కనిపించింది. పత్తర్‌గట్టి అంతా టేపు పట్టుకుని తిరిగిన మనిషి, కూతురి అత్తింట్లో తల వంచుకుని నిలబడ్డాడు.

అప్పుడు ఆ సన్నటి కుర్రాడు కాలర్ లోపల వేలుపెట్టి, ఇటూ అటూ తిప్పి, "ఉండనీ ఫుప్పూ. గల్లా టైట్ ఉంటే నాకు ముద్ద దిగది, నేనే ఢీలా పెట్టుమని మామూకు చెప్పిన" అన్నాడు. శుద్ధ అబద్ధం. అతనలాంటి మాట చెప్పనే లేదని ఆ గదిలో తెలిసినవాళ్లం మేము ముగ్గురం, నలుగురం. "పెండ్లి షేర్వానీల గూడ తిండి యావేనా వీనికి!" అని ఎవరో అన్నారు, నవ్వులు లేచాయి, మేనత్త కూడా నవ్వింది. మాస్టర్ సాబ్ వెళ్లి అల్లుడి కాలర్ కొక్కెం పెట్టాడు. ఎప్పుడూ చిటికెలో పెట్టే మనిషి, ఆ రోజు చాలాసేపు పెడుతూనే ఉన్నాడు. తల ఎత్తేసరికి కళ్లు తడిగా ఉన్నాయి. తన కూతురు ఎలాంటివాడి ఇంటికి వెళుతోందో ఆయనకు అప్పుడే తెలిసిందనుకుంటాను. నాకూ అప్పుడే తెలిసింది, నేనూ ఏడ్చాను.

మర్నాడు ఆ పేరును కిందికి దింపి, ఒక్కో గిరాకీకి ఒక్కోసారి పుట్టి పోయేలా రాశాను. సాడే, సవా, పౌనే నేర్పాను. అర్థం కానిది వస్తే ఎర్రక్షరాలతో ఆగి అడగమన్నాను. అన్న ఆ ఎర్రక్షరాలు చూసి నిట్టూర్చాడు, అంతే. ఆ తరువాత ఎన్ని ప్రోగ్రాంలు, ఎన్ని ఆఫీసులు. ఇవాళ పొద్దున కూడా ఒక అమ్మాయి రాసిన కోడ్‌లో అలాగే పైకెక్కి కూర్చున్న పేరొకటి, అలాగే ఖాళీగా ఉన్న బ్రాకెట్లు కనిపించాయి. విసుక్కుంటూ నాలుగు ముక్కలు రాసి, తిరిగి చదువుకుని, మరీ కటువుగా ఉందని చెరిపేసి, మళ్లీ మెత్తగా రాశాను. రాస్తుంటే పరదా వెనక నిలబడ్డ ఆ పిల్ల, అప్పటి నేను, గుర్తొచ్చింది. ఆ సాయంత్రం ఆ ఇంటివాళ్లు, మాది పూజారుల ఇల్లని తెలిసి, నాకోసం వేరుగా బగారా అన్నం, వంకాయ కూర చేయించారు. మెతుకు ముట్టలేదు ఆ పిల్ల, పాతబస్తీ పరువంతా తన చేతిలోని డబ్బాలోనే ఉందన్నట్టు పట్టుకుని నిలబడింది. ఇప్పుడు కనిపిస్తే కోడ్ గురించి ఒక్క ముక్క కూడా చెప్పను దానికి. ఆ డబ్బా అక్కడ పెట్టి, చల్లారకముందే నాలుగు ముద్దలు తినవే పిచ్చిదానా, అంటాను.